తలకిందుల ఓడకు ఒక్క తిట్టు

తెర మీద అంతరిక్ష ఓడ తలకిందులుగా వచ్చింది. ఆ నమూనా చేసిన ఫుమియెకు ఒళ్ళు భగ్గుమంది.

చిన్న తప్పా అది! నమూనా ఓడను తీగలకు వేలాడదీస్తారు కదా, ఆ తీగలు పైన ఉంటే చూసేవాడి కన్ను ఇట్టే పట్టేస్తుంది. అందుకని ఓడనూ కెమెరానూ రెండింటినీ తలకిందులు చేసి తీస్తారు. అప్పుడు తెర మీద ఓడ సరిగానే ఉంటుంది, తీగలు కిందికి పోతాయి. కింద తీగలుంటాయని ఎవడు వెతుకుతాడు? అది ఇసొగాయ్ మాస్టారు నేర్పిన కిటుకు. ఈ సినిమా తీసిన మహానుభావులు ఓడను తిప్పారు, కెమెరాను తిప్పడం మరిచారు. ఆ పూట ఫుమియెను రాళ్ళకు రంగు వేయమని పక్క సెట్‌కు తోలేశారు మరి.

అమెరికావాళ్ళ అంతరిక్షం సినిమా ఎండాకాలానికి జపాన్‌లో దిగుతుందట. దానికంటే ముందు జనం మీద పడాలని అదరాబాదరా చుట్టేసిన సినిమా ఇది. రాకుమారి ఒంటి మీద కిటికీ తెరగుడ్డ, రాక్షసుడి వీపున జిప్పు. ఏ గ్రహం మీద దిగినా అదే కంకర క్వారీ. థూ!

అవన్నీ పోతే పోనీ. పక్క కుర్చీలో ఇసొగాయ్ మాస్టారున్నారు. పని మానేసి కవగొయె ఊళ్ళో ఉంటున్న మనిషి, ఆమె బతిమాలితే టై కట్టుకుని, చేతికర్రతో రైలెక్కి వచ్చారు. ఆయన జన్మలో ఎవరినీ మెచ్చుకోలేదు. తిట్టారంటే పని ఆయన కంట్లో పడ్డట్టు. ఆయన తప్పుకున్నాక ఫుమియె సొంతంగా చేసిన మొదటి ఓడ అది. దాని మీద ఆయన నోటి నుంచి ఒక్క నిజమైన మాట రావాలి, ఆమెకు కావలసింది అంతే.

దీపాలు వెలిగాయి. సినిమాకు పనిచేసినవాళ్ళకు వేసే తొలి ఆటలో బాగుందనీ బాగాలేదనీ ఎవరూ అనరు. వరసగా తలలు వంచి "కష్టపడ్డారు, కష్టపడ్డారు" అనుకుంటూ బయటపడతారు. గుమ్మం దగ్గర నిర్మాత కుసునొకి నవ్వుతూ వంగుతున్నాడు.

"కుసునొకి గారూ, ఓడ తలకిందులుగా ఉంది!"

"అంతరిక్షంలో పైనేంటి, కిందేంటి ఫుమియె గారూ?"

"మరి ఆ తీగలేంటి? అంతరిక్షంలో బట్టలారేస్తున్నారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. కుసునొకి నవ్వు మాడిపోయింది. "రేపు ప్రింట్లు వెళ్ళిపోతాయమ్మా."

"ఒక్క పూట ఇవ్వండి, మళ్ళీ తీద్దాం."

"ఎందుకూ? చూసేది పిల్లలేగా."

"పిల్లలైతే కుళ్ళిన చేప పెడతారా?"

అప్పుడే మాస్టారు వచ్చి కుసునొకికి తల వంచారు. "కష్టపడ్డారు." తర్వాత ఆమె వైపు తిరిగి, అంతే మర్యాదగా, "కష్టపడ్డారమ్మా" అని వెళ్ళిపోయారు.

లాగి చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. పరాయివాళ్ళకు పారేసే మాట తనకు పారేశారు! ఫుమియె గేటు దాకా పరిగెత్తి అడ్డం నిలబడింది.

"తిట్టండి మాస్టారూ!"

"దేన్ని చూసి తిట్టను? నాకు తీగలే కనిపించాయి."

"అయితే రండి, కళ్ళారా చూడండి. చూడకుండా పోతే మీరూ ఆ కుసునొకీ ఒకటే!"

ఆయనతో ఎవరూ అలా మాట్లాడి ఎరుగరు. ఆమె మాత్రం చొక్కా చెయ్యి పట్టుకుని సామాను కొట్టంలోకి లాక్కెళ్ళింది. ఓడను దింపి, దుమ్ము తుడిచి, దీపం కింద పెట్టింది. వెనకే రొప్పుతూ కుసునొకి వచ్చాడు. "మీరు ఏం చేసినా సినిమాలో పెట్టేది లేదు!"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఓడ చుట్టూ తిరిగారు. వంగారు, గోటితో గీకారు.

"ఏమే!" కర్ర నేల మీద టక్కున మోగింది. "ఈ ముక్కుకు రంగు కొట్టిందెవతే? గోడకు సున్నం కొట్టినట్టు! ఇదేనా నేను నేర్పింది, గాడిదా?"

"నేనే మాస్టారూ." ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏడుపాపి, గీకేసి మళ్ళీ కొట్టు."

"సినిమా అయిపోయిందండీ బాబూ!" అన్నాడు కుసునొకి.

"నీ సినిమా అయిపోయింది. ఓడ పని అవలేదు. వెలుతురుకు అడ్డం తప్పుకో."

ఫుమియె ముక్కు తుడుచుకుని రంగు డబ్బా మూత తీసింది.