తందూరు పక్కన పందెం

మాలికా బజారులో కంప్యూటర్ వేగం పెంచే మనిషి కావాలంటే ముందు నా పేరే చెబుతారు. హైదర్ ఉస్తాద్. గొప్పలు చెప్పుకోవడం కాదు, ఎవరినైనా అడగండి. ఇరవై రెండేళ్ళుగా ప్రాసెసర్లు అమ్ముతున్నాను. కంపెనీ రాసి పంపిన వేగాన్ని దాటించి వాటిని పరిగెత్తిస్తున్నాను. ఒక్కటి కూడా కాల్చలేదు. సరే, రెండు కాల్చాను. దుకాణం పదింటికి తెరిచేవాణ్ణి. అప్పటికే ముగ్గురో నలుగురో షట్టర్ ముందు నిలబడి ఉండేవారు. నన్ను కాదని పోదామన్నా వాళ్ళకు వేరే దిక్కు లేదు.

సబోహత్ నా దగ్గర తొమ్మిదేళ్ళు పని నేర్చుకుంది. వచ్చిన రోజున స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా రాదు. ఇప్పుడు ఫ్యాన్ చప్పుడు విని జబ్బు చెబుతుంది. ఉస్తాద్ అరచేతులు తెరిచి ఫాతిహా చదివి దీవిస్తేనే శిష్యులు సొంత దుకాణం పెట్టాలి. అది లేకుండా పెడితే ఈ బజారులో సరుకిచ్చేవాడు ఉండడు. సబోహత్ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "ఇంకా ఉడకాలమ్మా" అన్నాను. ఉడికి మూడేళ్ళయిందని నాకు తెలుసు. ఆమె వెళ్ళిపోతే ఆ దుకాణంలో నేనూ నా దగ్గూ మిగులుతాం. ఆ మాట పైకి ఎలా చెప్పను?

ఫిబ్రవరిలో ఓదిల్ వచ్చాడు. చిలంజార్‌లో ఆటల క్లబ్ నడుపుతాడు. నన్ను అకా అంటాడు, అంటే మా దగ్గర అన్న అని. రేకుల కప్పు కింద ఇరవై నాలుగు కంప్యూటర్లు, అన్నీ ఐదేళ్ళ నాటివి.

"కొత్త ఆటలు పెడితే వాటికి ఊపిరాడట్లేదు హైదర్ అకా. ఏం చెయ్యమంటావు?"

"పాత బోర్డులు పీకి పారెయ్. నీలి డబ్బా పెట్టు" అన్నాను.

చిప్ కంపెనీలు ఉన్నవే రెండు. డబ్బా రంగును బట్టి మేం వాటిని నీలి డబ్బా, ఎర్ర డబ్బా అంటాం. నీలిదాంట్లో వేగం పెంచుకోనిచ్చేది ఖరీదైన చిప్ ఒక్కటే, దానికి బోర్డు కూడా ఖరీదైనదే కావాలి. కానీ పెంచామంటే గుర్రమే. ఎర్రదాంట్లో దాదాపు ఏ చిప్‌నైనా పెంచుకోవచ్చు, పైగా కొత్త చిప్ పాత బోర్డులోనే కూర్చుంటుంది. నేను మొదటినుంచీ నీలి డబ్బా మనిషిని.

సబోహత్ చేతిలోని పని మీంచి తల ఎత్తకుండానే అంది: "ఓదిల్ అకా బోర్డులు ఎర్రవే కదా ఉస్తాద్. చిప్ ఒక్కటి మారిస్తే చాలు. మిగిలిన డబ్బుతో మంచి ఫ్యాన్లు కొనుక్కుంటాడు."

"నీకేం తెలుసు? నీలిదాని ముందు ఎర్రది ఏనాడైనా నిలిచిందా?"

"ఎందుకు నిలవలేదు? నీలివాళ్ళు అన్నేళ్ళు ఒక్కళ్ళే కూర్చుని ఏం చేశారు? ఏడాదికోసారి అదే చిప్‌కి కొత్త పేరు పెట్టి ఇచ్చారు. ఎదురుగా ఇంకొకడు గట్టిగా దుకాణం పెట్టాకే వాళ్ళకి మెలకువొచ్చింది."

పక్క దుకాణాల వాళ్ళు చెవులు రిక్కించారు. నాకు ఒళ్ళు మండింది.

"అయితే చెరొక కంప్యూటర్ తయారు చేద్దాం. ఏది కావాలో ఓదిలే చెప్తాడు. నీది నిలిస్తే ఆ రోజే ఫాతిహా. నాది నిలిస్తే రెండేళ్ళ దాకా సొంత దుకాణం మాట నీ నోట రాకూడదు."

నలుగురి ముందు అన్నాను కాబట్టి వెనక్కి తీసుకునే దారి లేదు. తీసుకోవాలనీ అనిపించలేదు, గెలుస్తాననే నమ్మకం అలాంటిది.

మూడు రోజులు తలుపు బార్లా తెరిచి పనిచేశాను. బయట మంచు. చల్లగాలి తగులుతుంటే నా చిప్ మెట్టు తర్వాత మెట్టు ఎక్కింది. అంకె చూసి నాకే ముచ్చటేసింది. సబోహత్ మాత్రం మూలన కోటు వేసుకుని, హీటర్ పక్కనే కంప్యూటర్ పెట్టుకుని చెమటలు కక్కింది.

"గుడ్లు పొదుగుతున్నావా పిల్లా?" అని ఎదురు దుకాణంవాడు ఏడిపించాడు.

"పిల్లలయ్యాక నీకూ ఒకటిస్తాలే" అంది.

ఓదిల్ వచ్చి రెండూ చూశాడు. నాది చాలా ముందుంది. అతని మొహం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది.

"మరి చిల్లాలో? పోయిన జూలైలో ఆ నలభై రోజుల ఎండకి సగం కంప్యూటర్లు పడుకున్నాయి. ఈసారీ అలాగే అయితే క్లబ్బుకి తాళం వెయ్యడమే."

"నిలుస్తుంది" అన్నాను.

"ఫిబ్రవరిలో అది ఎలా తెలుస్తుంది?"

"జుమా అకా తందూరు దగ్గర పెడదాం" అంది సబోహత్.

నేను తగ్గే రకం కాదు. నా కంప్యూటర్ నేనే భుజాన వేసుకుని ముందు నడిచాను. బజారు వెనక జుమా రొట్టెల కొట్టు ఉంది. మధ్యాహ్నం వాయి కోసం తందూరు రాజేసి ఉంది. మా వాలకం చూసి అతను చేతుల పిండి దులుపుకున్నాడు.

"ఇవీ కాల్చాలా? నువ్వులు చల్లమంటారా?"

తందూరు పక్క బల్ల మీద రెండూ పెట్టాం. గోడ మీది థర్మామీటర్ నలభై మూడు డిగ్రీలు చూపిస్తోంది. పనంతా ఒకేసారి చిప్ మీద పడేసే పరీక్ష ఒక గంట నడవాలి, ఆగితే ఓడినట్టే. మొదటి ఇరవై నిమిషాలూ నాది దూసుకుపోయింది. ఓదిల్‌కి కళ్ళెగరేసి చూపించాను. అరగంటకి నా చిప్ వేడి తొంభై ఐదు దాటింది. సబోహత్‌ది ఎనభై దగ్గర కదలకుండా కూర్చుంది.

అప్పుడు ఆమె టీ తేవడానికి బయటికి వెళ్ళింది. జుమా తందూరులోకి వంగి రొట్టెలు అంటిస్తున్నాడు. ఓదిల్ ఫోన్‌లో ఉన్నాడు. నా వేలు మీటల మీదికి వెళ్ళింది. వేగం ఒక్క మెట్టు దించితే చాలు, నాది నిలిచేది. ఎవరికీ తెలిసేది కాదు.

ఆమె పెట్టె పక్కన ఒక కాగితం అంటించి ఉంది. ఏ సెట్టింగ్ ఎంత మార్చిందో రాసుకుంది. అలా రాసుకోవడం నేను నేర్పిందే. అందులో మొదటి వాక్యం ఇది: "చిల్లా కోసం ఒక మెట్టు వదులు. ఉస్తాద్ మాట."

నిజమే, నా మాటే. ఆమె చేరిన మొదటి వారంలో చెప్పాను. శీతాకాలపు అంకె చూసి మురిసిపోవద్దు, అది మా బజారు వాళ్ళందరి జబ్బు అని తిట్టిపోశాను కూడా. ఆమె దాన్ని తొమ్మిదేళ్ళు దాచుకుంది. నేను తలుపు తెరుచుకుని కూర్చున్నాను.

వేలు వెనక్కి తీసుకున్నాను. నలభై ఒకటో నిమిషంలో నా తెర బిగుసుకుపోయింది. చిప్ తప్పేమీ లేదు, దాన్ని అంత ఎత్తుకి ఎక్కించింది నేను.

సబోహత్ టీ పియాలాలతో వచ్చి నా తెర చూసింది. నవ్వలేదు.

"ఒక్క మెట్టు దించితే మీదీ నిలుస్తుంది ఉస్తాద్. దించి మళ్ళీ మొదలుపెట్టనా?"

"వద్దు" అన్నాను. "ముందు నీ గంట కానీ."

గంటా అయింది. ఆమెది ఆగలేదు. ఓదిల్ ఇరవై నాలుగు ఎర్ర చిప్‌లు కావాలన్నాడు. నేను అక్కడే, పిండి రాలిన నేల మీద నిలబడి అరచేతులు తెరిచాను. జుమా కూడా రొట్టెలు అంటించే దిండు పక్కన పెట్టి చేతులు తెరిచాడు. ఫాతిహా చదివి, "నీ చెయ్యి పట్టిందల్లా పండాలమ్మా. ఇది మూడేళ్ళ కింద ఇవ్వాల్సింది. నువ్వెళ్ళిపోతావని భయపడ్డాను" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. తందూరు పొగ అని చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

ఆమె మొహం తుడుచుకుని అంది: "ఎక్కడికి వెళ్తాను ఉస్తాద్? మనకి ఎదురుగా ఉన్నాయన వసంతానికి ఖాళీ చేస్తున్నాడు. ఆ దుకాణమే తీసుకుంటా."

"నా ఎదురుగానా?"

"అవును. మీ ఎదురుగానే."

వసంతంలో నౌరోజ్ పండగ అయిన మర్నాడు తెరిచింది. ఆ రోజు నేను ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఎనిమిదింటికే దుకాణానికి వెళ్ళాను. ఎదుటి షట్టర్ అప్పటికే ఎత్తి ఉంది, లోపల ఇద్దరు బేరగాళ్ళున్నారు.

"ఆలస్యమైంది ఉస్తాద్" అంది.

"రేపు ఏడింటికి వస్తా" అన్నాను.