రత్నానికి పడని మందు

రత్నం పాదంలో జెల్ల చేప ముల్లు దిగి వారం కావస్తోంది. కాలు చీలమండ దాకా వాచి నిగనిగలాడుతోంది. జ్వరం. మొగుడు వేటకెళ్ళి సముద్రం మీదున్నాడు. కోడూరులో బస్సెక్కించి బందరు ఆస్పత్రికి తీసుకొచ్చింది తండ్రి నాంచారయ్యే. తీసుకొచ్చాడు గాని, మనసొప్పి కాదు.

డాక్టర్లంటే అతనికి గిట్టదు. సునామీ వచ్చిన ఏడు, ఒక పట్నపు ఆస్పత్రిలో అతని భార్యకి సూది పొడవబోతే, "ఆ మందు నాకు పడదండీ" అంది. పొడిచినాయన వినిపించుకోలేదు. మెట్లు దిగకుండానే ఆమె పోయింది. పెన్సిలిన్ అన్న మాట నాంచారయ్యకి ఆ రోజే తెలిసింది. ఆ మందుకే చిన్నప్పుడు రత్నానికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి మొహం వాచింది. తల్లి పోలికలు కూతురికి అందులోనూ వచ్చాయి.

రత్నం చేతిలో ఉన్న ఆస్పత్రి చీటీ రత్నానిది కాదు. పక్కింటి సత్యవతమ్మది. వాళ్ళ పేటలో అదొక పద్ధతి. ఎవరి చీటీ మీద జబ్బు తొందరగా తగ్గితే ఆ చీటీ కలిసొచ్చిందంటారు. ఆపైన ఎవరికి ఒంట్లో బాగోకపోయినా దాన్నే అడిగి పట్టుకెళ్తారు. టైఫాయిడ్ నుంచి సత్యవతమ్మ లేచి తిరిగింది ఆ చీటీ మీదే. తర్వాత గడ్డాలున్న మగాళ్ళు కూడా సత్యవతమ్మ పేరున మందులు తెచ్చుకున్నారు. పాత డాక్టరు ఏసుపాదంగారు పేరు చూసేవారు కాదు. మనిషిని చూసి, కింద ఖాళీలో రాసిచ్చేవారు.

ఇప్పుడు ఆ కుర్చీలో ఆయన కూతురు శాంతి కూర్చుంది. బల్ల మీద కంప్యూటరుంది. పాత చీటీల్లో ఉన్నదంతా అందులోకి ఎక్కించారు. ఇక మందులు చేత్తో రాయడం లేదు, అచ్చువేసి ఇస్తున్నారు.

"సత్యవతమ్మగారూ, సుగరు బిళ్ళలు మానకుండా వేసుకుంటున్నారా?" అంది శాంతి తెర మీదే చూపు పెట్టి.

రత్నం తండ్రి వైపు చూసింది. "వేసుకుంటున్నానండి."

"కళ్ళజోడు మార్పించారా?"

"మార్పించానండి. ఇంటికాడ ఉంది."

శాంతి తలెత్తి ఆ పిల్ల మొహం చూసింది. వయసు అడగబోయేలోగా వాచిన కాలు కంటబడింది. వంగి వాపు నొక్కింది. రత్నం పళ్ళు బిగబట్టింది.

"చీము పడుతోంది. పెన్సిలిన్ జాతి మందు వేద్దాం, త్వరగా లాగేస్తుంది." మీటలు నొక్కింది. తెర మీద మందు పేరు పడింది. యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

నాంచారయ్య లేచి నిలబడ్డాడు. "అది పడదు."

"ఎవరికండీ? సత్యవతమ్మగారికి పడని మందులేవీ లేవే ఇందులో."

"ఇది సత్యవతమ్మ కాదు. నా కూతురు. రత్నం."

"నాన్నా," అంది రత్నం, "కలిసొచ్చిన చీటీ అని తెచ్చాను గదా, పాడు చేశావు."

"నోర్ముయ్."

శాంతికి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. "ఇరవై ఏళ్ళకి యాభై రెండేళ్ళావిడవి అయిపోయావేంటమ్మా? కాసేపుంటే సుగరు బిళ్ళలు కూడా రాసిచ్చేదాన్ని." ఆ పేరు మూసేసి కొత్తగా రత్నం పేరు తెరిచింది. "చెప్పండి బాబాయ్. ఏ మందు పడదు?"

ఆ ప్రశ్న అతన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.

"చెప్తే రాసుకుంటారా, విని ఊరుకుంటారా? మా ఆవిడా చెప్పింది. చెప్పడంలో దాని లోపం లేదు."

శాంతి రత్నం పేరు కింద 'పెన్సిలిన్ పడదు' అని ఎక్కించింది. తర్వాత తెర అతని వైపు తిప్పింది. "ఇప్పుడు అదే మందు మళ్ళీ రాస్తాను, చూడండి."

రాసింది. తెర మధ్యలో ఎర్ర గడి ఒకటి లేచి అడ్డంగా నిలబడింది.

"ఏమంటోంది?"

"రత్నానికి ఇది ఇవ్వకూడదు అంటోంది."

నాంచారయ్య దగ్గరికి జరిగాడు. "ఇంకోసారి రాయండి."

మళ్ళీ ఎర్ర గడి.

"కరెంటు పోతే?"

"పోయినా చెరిగిపోదు."

"మీరు ఊళ్ళో లేకపోతే?"

"గుడివాడ నుంచి వేరే డాక్టరుగారు వస్తారు. ఆయనకీ ఇదే చెప్తుంది."

"ఆయన వినకపోతే?"

"వినకపోతే, ఎందుకు వినలేదో ఇందులో రాయాలి. ఆ కారణం రాయందే మందుల చీటీ అచ్చవదు."

నాంచారయ్య ఆ మాట లోపల తిప్పుకున్నాడు. భార్యకి సూది పొడిచినవాడు ఆ గడిలో ఏం రాసి ఉండేవాడో ఆలోచించాడు. ఏమీ తోచలేదు. వాణ్ణి క్షమించనూ లేదు. "ఊఁ. వేరేది రాయండి," అన్నాడు.

మందుల షాపులో చలపతిరావు అచ్చు చీటీ చూసి, "పైన పెన్సిలిన్ వద్దని కొట్టారు. నేనూ చూసే ఇస్తున్నానులే, అలా గుడ్లురమకు మావయ్యా," అన్నాడు.

బస్టాండులో నాంచారయ్య కూతురికి రెండిడ్లీలు తినిపించి మొదటి బిళ్ళ వేయించాడు. కోడూరు బస్సు వచ్చింది. నాంచారయ్య కదల్లేదు.

"నాన్నా, బస్సు."

"పోనీ."

"వేరే మందే ఇచ్చారుగా. ఇంకా భయమా?"

మందు తేడా చేస్తే వెనక్కి పరిగెత్తాలి. ఆస్పత్రి అక్కడికి కూతవేటు. కూతురి పెదాలు చూశాడు, కనురెప్పలు చూశాడు, మోచేతులు తిప్పి చూశాడు. బస్సు వెళ్ళిపోయింది. ఎండ బెంచీ మీదికి వచ్చింది. రత్నం చెంగు నెత్తిన వేసుకుని పల్లీలు నములుతూ కూర్చుంది. మొహాన నీరసం ఉంది గాని, దద్దుర్లు లేవు, వాపు లేదు.

"ఎంతసేపు చూస్తావు? చూసి చూసి నా మొహం అరిగిపోద్ది," అంది.

రెండో బస్సు వచ్చింది. నాంచారయ్య లేచి ఆమె చంక కింద చెయ్యి వేశాడు.

"పద. రాత్రి బిళ్ళ ఇంటికాడే వేసుకుందువు గాని."