మంద తాగినంక

నర్సు సువార్త, అక్షర చెయ్యి పట్టుకుని నరం వెతుకుతోంది. నాలుగేళ్ల పిల్ల, జ్వరంతో ఒళ్లు కాలుతున్నా గుక్కపట్టి ఏడుస్తోంది. "నీ చేతిల చీమ దూరింది బిడ్డా. ఏడ దాక్కుందో జర చూడు" అంది సువార్త. పిల్ల ఏడుపు మాని చీమ కోసం చూసింది. ఆ కాస్త ఏమరుపాటు చాలు. సూది దిగింది, పట్టీ పడింది.

వికారాబాద్‌లో పొద్దున రైలెక్కి తాండూరులో దిగి ఈ దవాఖానకు రావడం మొదలుపెట్టి ఆమెకు చాలా ఏళ్లయింది. అంతకుముందు యాలాల్ పల్లెల్లో టీకాల డబ్బా భుజాన వేసుకుని తిరిగింది. అప్పుడు తల్లుల ఒడిలో సూదికి ఏడ్చినవాళ్లు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకొస్తున్నారు. పొట్టి మనిషి, గట్టి అరచేతులు, మడమల దగ్గర అరిగిన చెప్పులు. డ్యూటీలో నీళ్లు మాత్రం ముట్టదు. తాగితే బాత్రూమ్‌కు పోవాలి, పోయిన క్షణానే ఎవరో ఒకరు పిలుస్తారు. ఆ అలవాటు ముదిరి కిడ్నీలో రాయై కూర్చుంది. తాండూరు నిండా రాళ్లే కదా, నాకొకటి ఉంటే ఏమైంది అని నవ్వేస్తుంది.

కిటికీ పక్క మంచం బీరప్పది. యాలాల్ దగ్గరి పల్లె, ఊహ తెలిసిన నాటినుంచి గొర్రెల వెంట నడిచిన మనిషి. గుండె అలిసిపోయింది, ఎక్కడున్నా ఇక రోజులే అని డాక్టర్ దాచకుండా చెప్పాడు. ఆ ఉన్న కాస్త కాలానికే ఇప్పుడు చిక్కొచ్చి పడింది. నిన్నటినుంచి ముసలాయన నీటి చుక్క మింగడం లేదు. చేతులు వాచి సెలైన్ ఎక్కడం లేదు. మునుపోసారి ఇంకెక్కడో ముక్కులో గొట్టం వేస్తే పీకేసుకున్నాడట, చేతులు మంచానికి కట్టేశారట.

"గట్ల కట్టేసుడు మాత్రం మళ్ల వద్దు బిడ్డా. గొర్రెను గూడ ఆయన ఎన్నడు కట్టెయ్యలే" అని భార్య రామమ్మ పొద్దున్నే సువార్త చేతులు పట్టుకుంది.

"మధ్యాహ్నం దాకా చూద్దాం సిస్టర్. తాగకపోతే గొట్టం తప్పదు" అన్నాడు డాక్టర్. ఆయనకూ మనసొప్పడం లేదు.

సువార్త చెంచాతో పట్టబోయింది. బీరప్ప పెదాలు బిగించాడు. బుజ్జగించింది, కసిరింది. అహఁ, ససేమిరా అన్నాడు. కాసేపటికి సన్నగా, "అన్ని తాగినయా?" అన్నాడు.

ఇంటి దగ్గరి పశువుల సంగతేమో అనుకుని, ముసలివాళ్లకు చెప్పే మాటే చెప్పేసింది సువార్త. "అన్ని తాగినయి తాతా, ఫికర్ చెయ్యకు."

ఆయన వార్డంతా ఒకసారి చూశాడు. ఆమె చేతిలోని నిండు జగ్గును చూశాడు. మొహం గోడకు తిప్పేసుకున్నాడు.

"గొర్లను అడుగుతుండు సిస్టరమ్మా" అంది రామమ్మ. "మంద తాగంది ఆయన ఏనాడు గుక్క మింగలే. నాలిక పిడచగట్టినా గంతే. అన్నిటి ఎనక తాగి, అడుగున ఒక్క గుక్క కుక్కకు ఇడుస్తుండె. గొర్లను అమ్మి మస్తు దినాలాయె. గీడ మంచాలల్ల పన్నోళ్లనే మంద అనుకుంటుండో ఏమో."

సువార్తకు సిగ్గేసింది. కళ్లముందే అబద్ధమాడితే ఎవరు నమ్ముతారు? జగ్గు పట్టుకుని లేచింది.

"లే చంద్రప్పా, నీళ్లు తాగు."

బండల గనిలో కాలు నలగ్గొట్టుకున్న చంద్రప్ప తలెత్తాడు. "నాకు దూప లేదు సిస్టర్."

"నీకు లేకుంటే పాయె, తాతకున్నది. తాగు."

చంద్రప్పకు ఏమీ అర్థం కాలేదు, అయినా తాగాడు. అక్షర సగం ఒంటిమీద ఒలకబోసుకుని తాగింది. ఒక్కో మంచమే తాగుతూ వచ్చింది. బీరప్ప చూపు జగ్గు వెంటే నడిచింది, లెక్క తప్పకుండా పెదాలు కదిలాయి. చివరికి సువార్త ఆయన ముందు గ్లాసు పెట్టింది. ఆయన అందుకోలేదు. ఆమె మొహంలోకి చూశాడు.

"నువ్వు?"

సువార్త నిలబడిపోయింది. తిన్నావా, తాగావా అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో లేకపోలేదు. అడిగి, జవాబు కోసం ఆగినవాళ్లే లేరు. ఈయన ఎండిన నాలికతో ఆగాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో గ్లాసు నింపుకుని, అక్కడే నిలబడి గటగటా తాగేసింది. నీళ్లు ఇంత తియ్యగా ఉంటాయని మరిచేపోయింది.

అప్పుడు బీరప్ప చెయ్యి చాచాడు. చెంచా వద్దన్నాడు. రామమ్మ వీపుకు ఆసరాగా చెయ్యి పెడితే, గ్లాసు తానే పట్టుకుని ఆగి ఆగి తాగాడు. మధ్యాహ్నం డాక్టర్ వచ్చి చూసి, గొట్టం ప్యాకెట్ విప్పకుండానే వెనక్కి పంపాడు.

డ్యూటీ దిగేముందు సువార్త చెప్పి పోదామని వచ్చింది. రామమ్మ మంచం అంచున తల పెట్టి కునుకు తీస్తోంది. ఆమె తలమీద బీరప్ప చెయ్యి ఉంది. ఊపిరి లేదు. సువార్త నాడి పట్టి చూసింది, మళ్లీ చూసింది. డాక్టర్‌ను పిలిచింది. ఆయన చూసి తలాడించాక, రామమ్మ భుజం తట్టి "అవ్వా" అంది.

రామమ్మ లేచి ముందు మొగుడి మణికట్లు తడిమింది.

"కట్టలే గదా బిడ్డా?"

"కట్టలే అవ్వా."

అప్పుడు ఏడ్చింది రామమ్మ. సువార్త ఆమెను పట్టుకుని కూర్చుంది, రైలు పోతే పోనిమ్మనుకుంది.

ఊరివాళ్లు వచ్చి బీరప్పను తీసుకుపోయాక, సువార్త ఆ మంచం మీది దుప్పటి మడిచి, బల్లమీది గ్లాసు కడగడానికి ఎత్తింది. అడుగున ఒక్క గుక్క నీళ్లున్నాయి.