బెత్తెడు పెరిగే బండి

పొద్దుగాల లేవంగనే కిషన్‌లాల్ రెండు పనులు చేస్తడు. ముందు మొఖం కడుక్కుంటడు, తర్వాత టేపు పట్టుకొని బండిని కొలుస్తడు. పాల్వంచ దాటినంక భద్రాచలం పోయే రోడ్డు పక్కన, టేకు చెట్ల కింద ఆగి ఉన్నది ఆ బండి. ముందటి అద్దం మీద సున్నంతోటి ‘అమ్మబడును’ అని రాసి, కింద ఫోన్ నంబర్ వేసిండు. ఆ రోజు కొలిస్తే ఇరవై తొమ్మిది అడుగులున్నది. నిన్న ఎంతనో ఇయ్యాల గూడ అంతే. హమ్మయ్య అనుకొని చాయ్ కోసం పెండ్లాం మంగ్లిని కేకేసిండు.

ఒకప్పుడు అది పెండ్లి జనాలను మోసిన డీజిల్ వ్యాను. పదిహేడు అడుగులుండేది. ఆరేండ్ల కింద కిషన్‌లాల్ దాన్ని పాతదే కొని, సీట్లన్నీ పీకేసి, లోపల రెండు మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి, మీద నీళ్ల ట్యాంకు పెట్టించి చక్రాల మీద ఇల్లు చేసిండు. పట్నం నుంచి వచ్చినోళ్లను ఎక్కించుకొని కిన్నెరసాని, పర్ణశాల, అడవిల జలపాతాలు చూపించుకుంట తిరిగేటోళ్లు మొగుడు పెండ్లాలు. ఆయన నడిపేది, ఆమె వండేది.

ఆ బండికి ఒక గుణమున్నది. కొత్త మనిషి ఎవరన్న లోపల కూసొని కడుపునిండ తింటే బెత్తెడు పెరుగుతది. పెరుగుడంటే ఉత్త రేకు సాగుడు కాదు. కిటికీ పక్కన ఇంకో కిటికీ వస్తది, దానికి పరద గూడ ఉంటది, అదే పూల బట్ట. ఇరవై నాలుగో అడుగు కాడ ఇంకో జత టైర్లు వచ్చినయ్, గాలి గూడ సరిగ్గనే ఉన్నది. పంక్చర్లేసే సీతయ్య వాటిని గుద్ది చూసి, “గివి ఇప్పట్ల నా దగ్గరికి రావు తీ” అని మొఖం మాడ్చుకున్నడు. అంతకు మించి ఎవ్వరూ ఏమనలేదు.

మరి గింత మంచి బండిని ఎందుకు అమ్ముతున్నరంటరా? కిషన్‌లాల్‌కు కండ్లు మసకలొచ్చినయ్. ఎదురంగ వచ్చేది లారీనో గేదెనో తేల్చుకునేటాల్లకు అది దాటి పోతున్నది. ఇల్లందుల తమ్ముని ఇంటి వెనక ఒక రేకుల గది ఉన్నది. ఆ గదిల పండుకొని, రెండు మేకలు పెంచుకొని, పొద్దంత పాత దోస్తులతోటి ముచ్చట్లు పెట్టుకుంటే చాలు అనుకున్నడు ఆయన.

మంగ్లికి ఆ గది అంటేనే గిట్టదు. దానికున్నది ఒక్కటే కిటికీ, అది తెరిస్తే పక్కింటి గోడ. రోజుకో వాగు కాడ మొఖం కడుక్కున్న మనిషి ఆ గోడను చూసుకుంట ఎట్ల బతుకుతది? కానీ తనకు స్టీరింగ్ తిప్పరాదు, మొగునికి దారి కనవడదు. సరే అమ్ముదాం అన్నది. అని, పొయ్యి వెనక్కి పోయి ఉల్లిగడ్డలు కోసుకుంట మస్తు ఏడ్చింది.

ఇగ బేరాలు మొదలైనయ్. ముందుగాల ఖమ్మం నుంచి రవీందర్ అని ట్రావెల్స్ నడిపే మనిషి ముగ్గురు దోస్తులతోటి వచ్చిండు. షెడ్డు కొలతలు రాసుకొని వచ్చిండు, బండి సరిగ్గ పడుతదన్నడు. ఎండల పడి వచ్చిన మనుషులను ఉత్తగ పంపిస్తరా? మంగ్లి జొన్నరొట్టె, నాటుకోడి కూర పెట్టింది. నలుగురూ వేళ్లు నాక్కుంట దిగి చూస్తే బండి నాలుగు బెత్తెలు పెరిగి ఉన్నది. “అరెరె, షెడ్డుల పట్టదే!” అని రవీందర్ కూరను మెచ్చుకుంట పోయిండు. ఆ తర్వాత అశ్వారావుపేట నుంచి సతీష్, శ్రావణి అని కొత్త జంట వచ్చిండ్రు. వాళ్లకు ఇప్పపూల లడ్డూలు, పప్పు, అన్నం. ఇంకో రెండు బెత్తెలు. వాళ్లూ తమ వాకిట్ల పట్టదని పోయిండ్రు.

కిషన్‌లాల్‌కు కోపమొచ్చింది. “కావాల్నని పెడుతున్నవా ఏంది?”

“నీ మీద ఒట్టు, కాదు,” అన్నది మంగ్లి. “అన్నం యాళ్లకు వచ్చినోళ్లను తినకుండ పొమ్మంటానయ్యా? నాకు చాతగాదు.”

“అయితే ఇగో, గ్యాస్ బండ పీకి సీతయ్య షాపుల పెడుతున్న. ఈసారి మంచినీళ్లే ఇయ్యి.”

పెట్టొచ్చిండు గూడ.

ఆ మరునాడే పద్మావతమ్మ వచ్చింది. సత్తుపల్లి దిక్కు మామిడితోటలున్న ఇంటామె, యాభై ఆరేండ్లుంటయ్. తనే కారు నడుపుకుంట వచ్చి, టేకు చెట్టు పక్కన ఒక్క దెబ్బకు రివర్స్ కొట్టి పెట్టింది. కిషన్‌లాల్ అది చూసి లోలోపల దండం పెట్టుకున్నడు.

“ట్రాక్టర్ మీద నేర్చుకున్నానులెండి,” అన్నది ఆమె. “ముప్పై ఏళ్లు ఆ తోట కంచె లోపలే తిరిగాను. ఇప్పుడు తోట కౌలుకిచ్చేశాం. మా ఆయన్ని ఎటైనా పోదామంటే నడుం నొప్పంటాడు. నువ్వు తిరిగిరా, నేను టీవీ చూసుకుంటానన్నాడు. తిరిగొస్తా, నాకేం భయమా?”

కారులకెల్లి ఒక తాడు తీసింది. దానికి ఒక కాడ ముడి ఉన్నది. “ఇదిగో, మా కొట్టం పొడవు. ఈ ముడి దాటితే పట్టదు.”

తాడు ఒక కొస ఆమె ముందటి బంపర్ కాడ పట్టుకున్నది, రెండో కొస కిషన్‌లాల్ వెనక్కి గుంజిండు. ముడి కాడికే వచ్చి ఆగింది బండి, ఇంకో వేలు గూడ ఎక్కువ లేదు. ఇంజన్ చూసింది, పొగ చూసింది, నాలుగు మాటల్ల బేరం కుదిరింది. కిషన్‌లాల్ సంబురం చూడాలె! మంగ్లి మాత్రం తలుపు కాడ నిలవడి, లోపలున్న గిన్నెలను ఒక్కొక్కటే సంచిల వేసుకుంటున్నది. కండ్లనిండ నీళ్లు, పైకి నవ్వు.

“సరే, ఆకలేస్తోంది,” అని పద్మావతమ్మ క్యారేజీ తీసింది. “బీపీ వల్ల బయట ఏమీ తినను, ఇంటి నుంచే తెచ్చుకున్నా.”

కిషన్‌లాల్‌కు పై ప్రాణం పైనే పోయింది. “అమ్మా, అమ్మా! ఆ చెట్టు కింద కూసొని తినుండ్రి. మంచి గాలొస్తది.”

“మే నెలలో చెట్టు కిందా? బాగుంది నీ మర్యాద!” అనుకుంట ఆమె బండెక్కి మంచం మీద కూసున్నది. కిషన్‌లాల్ ఉరికి పోయి వెనక బంపర్ కాడ నిలవడ్డడు. పెరిగితే చేతుల్తోటి ఆపుదామని కాబోలు.

గిన్నె మూత తీసి, పద్మావతమ్మ తలెత్తింది. “నువ్వు తిన్నావా అమ్మాయ్?”

మంగ్లి ఆ మాట అర్థం కానట్టు చూసింది. “నేనా? నేను తర్వాత...”

“తర్వాత ఎప్పుడు? పొద్దున్నుంచి చూస్తున్నా, కాలు ఒక్క చోట పెట్టింది లేదు. రా, ఇద్దరికీ సరిపోతుంది.”

మంగ్లి ఒక ముద్ద చేతిల పట్టుకొని, అలవాటు కొద్దీ తలుపు మెట్టు మీదికి పోయి కూసున్నది. ఆరేండ్ల సంది ఆమె తినేది అక్కడనే. వచ్చినోళ్లంత తిన్నంక, గిన్నెలన్నీ తోమినంక, మెట్టు మీద కూసొని మిగిలింది తినేది. పండుకునేది బండి కింద చాప మీద. వద్దన్నోళ్లు ఎవ్వరూ లేరు, రమ్మన్నోళ్లూ లేరు.

“అక్కడేంటి, గుమ్మంలో? లోపలికి రా!” పద్మావతమ్మ చెయ్యి పట్టి గుంజి ఎదురు మంచం మీద కూసోబెట్టింది. పప్పుచారు, దొండకాయ వేపుడు, పెరుగన్నం, మాగాయ పచ్చడి వడ్డించింది.

“ఉప్పు లేదమ్మా,” అన్నది మంగ్లి, నవ్వాపుకుంట.

“బీపీ నాకమ్మా, నీక్కాదు. మాగాయ కలుపుకో.”

కలుపుకున్నది. ఇంకింత పెట్టించుకున్నది. కాళ్లు మడుచుకొని, కిటికీకి వీపు ఆనించి, పెరుగన్నం చివరి ముద్దదాక తిన్నది.

బయట కిషన్‌లాల్ ముందుగాల ఒక్క బెత్తెడు వెనక్కి జరిగిండు. అది పద్మావతమ్మ లెక్క. తర్వాత బంపర్ ఆయన మోకాళ్లను మెల్లగ నూకింది. ఆయన ఒక అడుగు ఏసిండు, బంపర్ ఒక అడుగు ఏసింది. గట్ల నూకుకుంట నూకుకుంట ఆరడుగులు పోయి, ఆయనను టేకు చెట్టుకు ఆనించి ఆగింది.

“మంగ్లీ! ఏం పెట్టినవే ఆమెకు?”

“నేను పెట్టలే, ఆమెనే నాకు పెట్టింది!”

లోపలికి వచ్చి చూస్తే, రెండు మంచాల అవతల ఇంకో మంచమున్నది. పరుపు, దుప్పటి, తల పక్కన కిటికీ. గోడకు మంగ్లి ఎత్తుకు సరిపోయేటట్టు చిన్న అద్దమున్నది. కిషన్‌లాల్‌కు ఇగ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ మంచం మీద చెయ్యి పెట్టి, “ఆరేండ్లల్ల లోపలికి వచ్చి తిను అని ఒక్కనాడన్న అనలేదే నేను,” అన్నడు. సిగ్గుతోటి తల దించుకున్నడు.

పద్మావతమ్మ దిక్కు తిరిగి, “అమ్మా, ఇప్పుడిది మీ కొట్టంల పట్టదు. బేరం వద్దంటే నేనేమనను,” అన్నడు.

పద్మావతమ్మ తాడు చుట్ట చుట్టి కిటికీలోంచి కారు మీదికి విసిరేసింది. “కొట్టంలో దాచుకోటానికి కొంటున్నానా దీన్ని? కంచె లోపల నేను ముప్పై ఏళ్లు ఉన్నా, చాల్లేదూ? ఇదిగో అమ్మాయ్, నాకు ఈ అడవి దారులు తెలియవు. ఏ వాగు దగ్గర ఆగాలో, ఏ ఊళ్లో ఎవర్ని పలకరించాలో నీకు తెలుసు. నేను నడుపుతా, నువ్వు దారి చెప్పు. వంట ఒకరోజు నువ్వు, ఒకరోజు నేను. వస్తావా?”

మంగ్లి మొగుని మొఖం చూసింది.

“పో, పో,” అన్నడు కిషన్‌లాల్, ముక్కు తుడుచుకుంట. “నా నెత్తి మీద నీ గొణుగుడు తప్పుతది. మేకలున్నయ్, దోస్తులున్నరు. నెలకొకసారి అమాసకు వచ్చిపో.”

“పౌర్ణమికి గూడ వస్తా, నువ్వు బట్టలు ఉతుక్కుంటున్నవా లేదా చూడటానికి!” అని మంగ్లి సంచిల గిన్నెలన్నీ మళ్ల అటక మీదికి సర్దింది. పాట ఒకటి ఎత్తుకున్నది, లంబాడీ పాట, గొంతు పగిలేటట్టు.

సీతయ్య గ్యాస్ బండ భుజాన మోసుకొచ్చి ఎక్కించిండు. పద్మావతమ్మ కారును తోలుకపోను మనిషిని రమ్మని ఇంటికి ఫోన్ చేసి, హారన్ రెండుసార్లు కొట్టింది. ముప్పై ఆరడుగుల బండి రోడ్డెక్కి, మలుపు కాడ ముందు భాగం మాయమై, చానాసేపటికి వెనక భాగం మాయమైంది.

పొద్దుగూకే యాళ్లకు ఇల్లందుల రేకుల గది ముందట కూసొని కిషన్‌లాల్ ఫోన్ చేసిండు. పెండ్లయిన ఇరవై ఏండ్లల్ల ఆయన ఫోన్ చేస్తే మొదటి మాట ‘ఏడున్నవ్’ అనే ఉండేది.

“తిన్నవానే?” అన్నడు.

“తింటున్న. లోపలనే కూసున్న,” అన్నది మంగ్లి, నోట్లె ముద్ద పెట్టుకొనే. “ఇయ్యాల ఆమె వంట, ఉప్పు లేదు.”

“ఇంతకూ ఏడున్నరు?”

“ఏమో నాకు గూడ తెల్వది. కిటికీలకెల్లి ఒక వాగు కనవడుతున్నది. పేరు పొద్దుగాల అడిగి చెప్త తీ.”