నాలుగు వేళ్ల దిమ్మె

రైలు పట్టాలే లేని సిద్దిపేటలో ఒక రైలు డబ్బా ఎనిమిది నెలలు ఆలస్యమైందంటే ఎవరూ నమ్మరు. కానీ అయింది. కాగితాల్లో కారణం ‘కర్ర ఆరలేదు’ అని రాసి ఉంది. పచ్చి అబద్ధం! కర్ర బ్రహ్మాండంగా ఆరింది, ఆరబెట్టినవాణ్ణి నేనే. అసలు కారణం నా భార్య కాళ్లు.

నా పేరు దుర్గయ్య. వడ్ల పని, అంటే వడ్రంగం చేస్తాను. నారాయణరావుపేట నుంచి జగదేవ్‌పూర్ దాకా తిరిగే ఎడ్లబండ్లలో సగం నా చేతివే. మిగతా సగం గురించి నేను మాట్లాడను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువైనా దాని యజమాని మూరతోనే కొలవాలి. నీ బండికి నీ మూర, నీ తలుపుకు నీ మూర. ఒకరి మూరతో ఇంకొకరికి చేస్తే అచ్చిరాదు. అందుకని మనిషికొక వెదురు పుల్ల పెట్టుకుంటాను. వాళ్ల మూర, జాన, మోకాలి ఎత్తు ఆ పుల్ల మీద గాట్లు పెట్టి చూరులో దోపుతాను. మా ఇంటి చూరులో అలాంటి పుల్లలు మూడు వందల దాకా ఉండేవి. వాటిలో ఒకటి బుచ్చవ్వది.

బుచ్చవ్వ నా భార్య. పొట్టి మనిషి. మోకాలి నుంచి మడమ దాకా కొలిస్తే మూరకు నాలుగు వేళ్లు తక్కువ. ఈ సంగతి ఆమెను ఎన్నడూ బాధ పెట్టలేదు, షోలాపూర్ ప్రయాణం దాకా. అక్కడ మిల్లులో పనిచేసే వాళ్ల అన్న అంజన్నను చూసిరావడానికి ఇద్దరం రైలెక్కాం. మూడో తరగతి బల్ల ఎత్తుగా ఉంది. ఆమె కాళ్లు కిందికి ఆనలేదు. పొద్దున ఎక్కిన దగ్గర నుంచి పొద్దుగూకే దాకా వేలాడుతూనే ఉన్నాయి. దిగేసరికి పాదాలు పూరీల్లా ఉబ్బాయి. ప్లాట్‌ఫారం మీద రెండడుగులు వేసి కూలబడింది. నేను నవ్వాను. నేనొక్కణ్ణే నవ్వి ఊరుకుంటే బాగుండేది. నన్ను చూసి కూలీలు నవ్వారు, కూలీలను చూసి స్టేషనంతా నవ్వింది.

నాలుగు రోజుల తర్వాత తిరుగు ప్రయాణం నాడు బుచ్చవ్వ మూట కట్టలేదు.

“నా కాళ్లు కిందికి ఆనే రైలు డబ్బా వచ్చినంకనే వస్త. అప్పటిదాంక గీడనే ఉంట” అంది.

“ఉండు. ఎవరికేంది?” అన్నాను నేను, మగవాణ్ణి కదా.

కోపం వారం రోజులకు దిగుతుందనుకున్నాను. ఏడాది దాటింది. ఇంట్లో అన్నం అడుగంటేది, ఇంటికి పోవాలంటే కాళ్లు రాకపోయేవి. నాకు ఆమె కావాలి. ఆ ముక్క ఎవరితోనూ అనలేదు, ఆమెతో అసలే అనలేదు.

అంతలో 1944లో, యుద్ధం జరుగుతుండగా, రైలు డబ్బా నా దగ్గరికే వచ్చింది. పట్నం కార్ఖానాలన్నీ యుద్ధం పనిలో మునిగాయట. కొత్త మూడో తరగతి డబ్బాల కర్రపని బయటివాళ్లకు గుత్తకిచ్చారు. మా ఊరి భూపతి ఆ గుత్త పట్టాడు. ముందు ఒక నమూనా డబ్బా చేసి పరీక్షలో నెగ్గితే మిగతావి చేయాలి. భూపతి తన ధాన్యం గోదాం ఖాళీ చేయించి, అందులో చక్రాలు లేని డబ్బా కట్టమని నన్ను పిలిచాడు. నాలుగు నెలల గడువు.

నక్షా ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు రాదు. భూపతికీ రాదు, కానీ రాదని చెప్పే అలవాటు అతనికి లేదు.

“పటేలా, గీ డబ్బాకు యజమాని ఎవరు? ఎవరి మూర పెట్టాలె?” అని అడిగాను.

“సర్కారు” అన్నాడు భూపతి.

“సర్కారు మూర నేనేడికెళ్లి తేవాలె?”

“నన్ను సతాయించకు దుర్గయ్యా. కూసునేటోళ్లే యజమాని అనుకో. పో, పని మొదలువెట్టు.”

నాకు ఆ మాట చాలు. ఇంటికి పోయి చూరులోంచి బుచ్చవ్వ పుల్ల తీశాను. పదహారు బల్లలూ ఆమె మోకాలి ఎత్తుకే కోశాను. మా పద్ధతి ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. ఇప్పటికీ అదే అంటాను.

భూపతి గుమాస్తా సారయ్య చేత షోలాపూర్‌కు ఉత్తరం రాయించాను: ‘కొత్త డబ్బా నేనే చేస్తున్నాను. నాలుగు నెలల్లో అవుతుంది.’ అంజన్న చేత ఆమె జవాబు రాయించింది. ఒకటే ముక్క: ‘కాళ్లు ఆనుతాయా?’

ఆనుతాయని రాయించాను. ఆ తర్వాత ఆలస్యాలు మొదలయ్యాయి. అక్కన్నపేట దారిలో టేకు దుంగలు నెల రోజులు ఆగిపోయాయి, ఎడ్లన్నీ సర్కారు వసూలు చేసే లెవీ ధాన్యం మోస్తున్నాయని. బోల్టులు యుద్ధానికి పోయాయి. కర్ర చీలలు చెక్కుకుంటూ కూర్చున్నాను. ఆ చీలలు కుదిరేసరికి వాన కురిసి గోదాం కారింది. ప్రతిసారీ ఏది రాలేదో వివరంగా షోలాపూర్‌కు రాయించాను. ప్రతిసారీ అదే జవాబు.

గడువు దాటిన మూడో నెలలో పరీక్ష పెట్టారు. పట్నం నుంచి ఇన్‌స్పెక్టర్ సాబు వచ్చాడు, ఆరడుగుల మనిషి. బరువు పరీక్షకు ఇసుక బస్తాలు కావాలన్నాడు. బస్తాలు లెవీకి పోయాయి. అందుకని ఊరివాళ్లను ఎనభై మందిని కూర్చోబెట్టాం. తలస్నానాలు చేసి, సద్ది మూటలతో వచ్చారు. ఎన్ని గంటలకు కదులుతుందని ఇద్దరు అడిగారు. ఉడకబెట్టిన శనగ గుడాలు అమ్మే కొండవ్వ గంపతో సహా ఎక్కి, కాళ్లు చక్కగా కింద ఆనించి కూర్చుంది. నాకు కడుపు నిండింది.

తర్వాత ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. ఆయన మోకాళ్లు ఛాతీ దాకా వచ్చాయి. కాసేపు అలాగే ఉండి, టేపు తీసి కొలిచాడు.

“పద్దెనిమిది ఇంచులుండాలె. పదిహేనే ఉన్నయి. గీ కొలత ఎవరిచ్చిన్రు?”

“యజమాని కొలత సాబ్.”

“యజమాని ఎవరు?”

“బుచ్చవ్వ.”

ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. “ఏ దఫ్తర్ల ఉంటది?”

“షోలాపూర్ల ఉంటది సాబ్. నా పెండ్లాం.”

ఆయన రాసింది కొట్టేశాడు. భూపతి గోడకు ఆనుకున్నాడు.

“మస్తుగున్నది గద సాబ్! నీ కాళ్లే జర పొడుగున్నయి” అంది కొండవ్వ. దాన్ని ఆయన రాసుకోలేదు. ప్రతి బల్ల కింద రెండు వైపులా నాలుగు వేళ్ల మందం దిమ్మెలు వేసి ఎత్తు పెంచమని హుకుం ఇచ్చి వెళ్లిపోయాడు.

ముప్పై రెండు దిమ్మెలు. కర్ర అప్పటికే అయిపోయింది. మళ్లీ దుంగలు, మళ్లీ ఎడ్లు, మళ్లీ ఐదు నెలలు. షోలాపూర్ నుంచి ఉత్తరం వచ్చింది: ‘కాళ్లు ఆనుతాయా?’ దానికి ఏమని రాయించాలి? సారయ్య కలం పట్టుకుని చూశాడు, నేను లేచి వచ్చేశాను. రెండు నెలలు జవాబివ్వలేదు. అప్పుడు అంజన్నే సొంతంగా రాశాడు: ‘బావా, చెల్లె మిల్లులో పనికి కుదిరింది. ఇక వచ్చేటట్టు లేదు.’ ఆ రోజు ఉలి ఎటు తిప్పి పట్టుకున్నానో నాకే తెలియదు. బొటనవేలు కోసుకున్నాను.

రెండో పరీక్ష నాడు మళ్లీ ఎనభై మంది వచ్చారు. సాబు కొలిచాడు. పద్దెనిమిది. కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు, భూపతి ముఖం విప్పారింది. నేను మాత్రం కొండవ్వ వైపు చూడలేకపోయాను. ఆమె కాళ్లు గాలిలో ఊగుతున్నాయి.

గంటసేపు అందరూ కదలకుండా కూర్చోవాలి. పావుగంట గడిచిందో లేదో, కొండవ్వ దిగింది. మూలన ఒక దిమ్మె పడి ఉంది. ఏదైనా పగిలితే పనికొస్తుందని ఎక్కువగా కోసిన ముప్పై మూడోది. దాన్ని కాలితో నెట్టుకొచ్చి, బల్లెక్కి, దాని మీద పాదాలు ఆనించి, గుడాలు తినడం మొదలుపెట్టింది.

నేను ఆ దిమ్మెను చూశాను. నాలుగు వేళ్లు. రెండేళ్లు. ఛీ, నాదీ ఒక బతుకేనా, నేనూ ఒక వడ్లవాణ్ణేనా అనిపించింది.

సాబు సంతకం పెట్టాడు. ఆలస్యానికి కారణం అడిగితే, కర్ర ఆరలేదని భూపతి చెప్పాడు. నేను వినిపించుకునే స్థితిలో లేను. కొండవ్వ కాళ్ల కింది నుంచి దిమ్మె లాగాను.

“ఏందిరా గుంజుతవ్? ఉండనియ్యి బిడ్డా!”

“గిది షోలాపూర్ పోవాలె అవ్వా” అన్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను, తర్వాత రైలెక్కాను, దిమ్మె చంకలో పెట్టుకుని. అంజన్న ఇంటి తలుపు బుచ్చవ్వే తీసింది. చిక్కిపోయింది. జుట్టులో మిల్లు దూది ఉంది. నేను దిమ్మె ఆమె ముందు పెట్టాను.

“బల్ల మీద కూసుని గిది కాళ్ల కింద పెట్టుకో. ఆనుతయి.”

ఆమె దిమ్మెను చూసింది. నన్ను చూసింది.

“గీ ముక్కకు రెండేండ్లు పట్టిందా?”

“పట్టింది.”

“కాళ్ల కింద ఏదన్న పెట్టుకోవాలెనని నాకు తెల్వదా? నా మూట పెట్టుకున్నా అయిపోతుండె. పదిమందిల నువ్వు నవ్వినవ్. పోనీ, తీస్కపోతానికి ఒక్కనాడన్న వచ్చినవా? ఉత్తరాలల్ల దుంగలు రాలే, బోల్టులు రాలే అని రాసినవ్. నువ్వెందుకు రాలేదో ఒక్కపారన్న రాసినవా?”

దీనికి కర్ర ఆరలేదని చెప్పడానికి లేదు.

“నవ్వుడు నాదే తప్పు. నువ్వు లేక నాకు పానం మంచిగ లేదు బుచ్చవ్వా. ఇంటికి పోబుద్ధి కాదు” అన్నాను.

ఆమె లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో మూట ఉంది.

రైలు పాతదే. నా డబ్బా గోదాం నుంచి ఇంకా కదలనే లేదు, దాన్ని విప్పి పట్నం చేర్చడానికి ఎడ్లు దొరకలేదు. బుచ్చవ్వ కిటికీ పక్కన కూర్చుని దిమ్మె మీద పాదాలు పెట్టింది. కొలత సరిపోయింది. వాడి జంక్షన్ దాటేదాకా నాతో మాట్లాడలేదు.

తాండూరులో ఒక ముసలమ్మ ఎక్కి ఎదురుగా కూర్చుంది. ఆమె కాళ్లూ ఆనడం లేదు. దిమ్మె వంక చూసి చూసి అడిగింది.

“గిసొంటిది ఏడ దొరుకుతది బిడ్డా?”

బుచ్చవ్వ తన పాదాలు ఒక పక్కకు జరుపుకుని, ఆమె పాదాలకు కొంచెం జాగ ఇచ్చింది.

“దొరకదవ్వా. మా ఇంటాయన చేసిండు” అంది. తర్వాత నా వైపు చూసి, “జర ఆలస్యమైంది” అంది.