రాయి లేని మెట్టు

ఒకటో తారీఖు సాయంత్రం ఆ వీధిలో ఆడవాళ్లు గాజు సామానుకు పాత చీరలు చుట్టి పెడతారు. జీతం కవరు గడప దాటగానే ఇల్లు కదులుతుంది మరి. కిందటి నెల కన్నా ఎక్కువ తెస్తే లేస్తుంది, తక్కువ తెస్తే దిగుతుంది, అంతే తెస్తే ఉన్నచోటే ఉంటుంది. మర్నాడు మెట్ల మేస్త్రి తాపీ పట్టుకుని వస్తాడు. లేచిన ఇంటికి మెట్టు చేరుస్తాడు, దిగిన ఇంటికి మెట్టు ఊడదీస్తాడు.

ఇరవై ఏళ్ల కిందట వీధిలో ప్రతి ఇంటికీ మూడేసి మెట్లు ఉండేవి. ఇప్పుడు చొక్కాల షెడ్డు ఓనరమ్మ ఇంటికి అరవై మూడు. ఆ షెడ్డులో పనిచేసే ఇరవై మంది ఆడవాళ్ల ఇళ్లకు ఒక్కటీ మిగల్లేదు. గుంతలోకి దిగినట్టు మట్టిలో తవ్వుకున్న మెట్ల మీదుగా ఇంట్లోకి దిగుతారు.

షెడ్డులో చొక్కాలకు కాజాలు కుట్టే కాజాలక్క ఇంటి గుమ్మం పైచెక్క రోడ్డుకు ఇంకా నాలుగు వేళ్ల ఎత్తున ఉంది. అది రోడ్డు కన్నా కిందికి పోతే వానకు మునిగే ఇల్లని తాళం వేసేస్తారు. కొలిచే ఆఫీసరు రేపు పొద్దున్నే వస్తున్నాడు. సరిగ్గా ఈ నెలే ఓనరమ్మ కుట్టుకూలి రేటు కోసింది. ఇంత కోతకు ఇల్లు జానెడు దిగుతుందని కాజాలక్కకు అనుభవమే. పోనీ కవరు పట్టుకుని బయటే నిలబడదామా అంటే, దీపాలు పెట్టే వేళకు డబ్బు లోపలికి రాకపోతే ఇల్లు ఏకంగా మూరెడు దిగుతుంది.

"ఏమే, లోపలికి రావా? అక్కడే కాపురం పెడతావా?" గుంతలోంచి అత్త కేకేసింది.

"వస్తానత్తా. చిన్న పనుంది."

బతిమాలదామని ఓనరమ్మ ఇంటికి వెళ్లింది. అక్కడ మెట్లు ఇంటితోపాటు లేచి గాలిలో వేలాడుతున్నాయి. కోయగా మిగిలిన డబ్బు పట్టుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చిందట ఓనరమ్మ. అంతే, ఇల్లు మనిషెత్తు లేచింది. అడుగున చిట్టచివరి మెట్టు మీద కూర్చుని మేస్త్రిని తిడుతోంది.

"గుడ్లప్పగించి చూస్తావేం? మెట్టు కట్టు! ఆరింటికి లారీ వస్తుంది."

"రాయి లేదమ్మా."

"ఇన్నాళ్లూ ఎక్కణ్ణించి వచ్చింది?"

"వీళ్ల ఇళ్ల దగ్గర ఊడదీసినవే మీకు కట్టాను. ఇంక ఊడదీయడానికి అక్కడేం ఉంది? నిచ్చెన తేనా?"

"ఈ మోకాళ్లతోనా?"

షెడ్డు తాళంచెవి కన్నకొడుక్కి కూడా ఇవ్వని మనిషి, తనే దిగి వెళ్లి తెరవాలి. లారీ ఖాళీగా తిరిగిపోతే ఆర్డరూ దానితోపాటే పోతుంది.

ఒకప్పుడు ఇద్దరూ పక్కపక్క మిషన్ల మీద కుట్టినవాళ్లే. అప్పుడు కాజాలక్క ఆమెను వదినా అనేది.

"మేడం, కోత తీసేయండి. ఇల్లు దానంతటదే దిగుతుంది."

"నాకు నీతులు చెప్పడానికి వచ్చావా?"

"అడుక్కోవడానికే వచ్చాను. మీరిలా వేలాడుతుంటారని నాకేం తెలుసు?"

ఓనరమ్మ పళ్లు కొరికింది. సంచీలోంచి నోట్లు తీసి, లెక్కపెట్టి కిందికి విసిరింది. "నీ కోత నీకిచ్చేశా. నోరు మూసుకుని ఇంటికి పో."

ఇల్లు బెత్తెడు దిగింది.

కాజాలక్క నోట్లు ఏరుకుని కవరులో పెట్టుకుంది. ఇంక ఆమె ఇంటికి ఢోకా లేదు. పొద్దు వాలుతోంది, కాళ్లు ఇంటివైపే లాగుతున్నాయి. ఎదురుగా మెట్ల మేస్త్రి పెళ్లాం, షెడ్డులో గుండీలు కుట్టే మనిషి, తన ఇంటి ముందు కవరు పట్టుకుని శిలలా నిలబడి ఉంది. ఆ ఇంటి పైచెక్క మూడు వేళ్లే.

"బెత్తెడే దిగింది మేడం," అంది కాజాలక్క. "ఇంకా పందొమ్మిది మంది ఉన్నారు."

"నువ్వు నా దగ్గర కుట్టడానికి చేరావా, నన్ను కూల్చడానికి చేరావా?"

దూరంగా లారీ హారన్ కొట్టింది. ఓనరమ్మ తిట్టుకుంటూనే నోట్లు విసరసాగింది. పిలిచినవాళ్లు పిలిచినట్టు వచ్చి ఎవరి కోత వాళ్లు ఏరుకున్నారు. ఒక్కొక్కరికీ ఇల్లు బెత్తెడు చొప్పున దిగింది. పద్నాలుగో మనిషి దగ్గర ఓనరమ్మ సంచీ మూతి బిగించి, ముక్కుతూ ఒక కాలు కిందికి చాచింది.

"ఇక చాలు. అందుతోంది."

ఇంకా ఆరుగురు మిగిలారు. వాళ్లలో మేస్త్రి పెళ్లాం ఒకతె. ఆమె మొగుడి వైపు చూడలేదు. మేస్త్రి కూడా ఆమె వైపు చూడలేదు. వీధిలో అరవై మూడు మెట్ల పని ఇంకెక్కడా దొరకదని ఇద్దరికీ తెలుసు. అతను గునపం తీసి చివరి మెట్టు కింద దోపాడు.

"కాలు తీయండమ్మా. ఈ రాయి ఊగుతోంది."

"నిన్నటిదాకా ఊగలేదే?"

"ఇప్పుడే చూశాను." రాయి ఊడి దబ్బున కింద పడింది.

ఓనరమ్మ చటుక్కున కాలు పైకి లాక్కుంది. "నీ పని చెబుతా ఉండు!"

"చెప్పండమ్మా. ముందు దిగితే కదా."

హారన్ ఈసారి వీధి మొగలో మోగింది. ఆరుగురి డబ్బులూ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఇల్లు కుదుపుతో దిగింది. మేస్త్రి ఊడిన రాయిని మెట్ల కిందికి దొర్లించి, "ఇదిగోనమ్మా, రాయి దొరికింది," అన్నాడు. ఎవరూ నవ్వే ధైర్యం చేయలేదు.

"వచ్చే నెల చూస్తా మీ అందరి సంగతీ," అంటూ ఓనరమ్మ ఆ రాయి మీద కాలుమోపి దిగి, కుంటుకుంటూ షెడ్డు వైపు పోయింది. చూస్తుంది కూడా. అందులో అనుమానం లేదు.

కాజాలక్క పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది. పక్కిళ్లలో దీపాలు పెడుతున్నారు. మట్టి మెట్లు దిగి, కవరు గుండెకు అదుముకుని, కుడికాలు గడప లోపల పెట్టి ఆగింది. లోపల అత్త రెండు చేతులూ గోడకు ఆనించి కళ్లు మూసుకుని ఉంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది.

"రెండో కాలు కూడా పెట్టవే. సగం మనిషినే చూసి ఊరుకుందేమో."

పెట్టింది. ఇల్లు కదల్లేదు.