తేట నీళ్ళు

పీపాడ్‌లో బట్టలకు రంగులద్దే ఛీపాల ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. అద్దిన బట్టను ఉతికాక నీళ్ళలో రంగు దిగడం ఆగిందో లేదో ఇంటి ఆడమనిషే చూసి చెప్పాలి. ఆమె "తేట" అన్నాకే బట్ట తొట్టి దాటుతుంది. యాసీన్ ఇంట్లో ఆ మాట అతని భార్య జైతూన్‌ది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ కన్ను ఒక్కసారీ తప్పలేదు.

యాసీన్‌కు మూత్రంలో నెత్తురు పడింది. జోధ్‌పూర్ ఆసుపత్రిలో మూత్రాశయం లోపల మొలిచిన క్యాన్సర్ గడ్డను గోకి తీసేశారు. అది మళ్ళీ మొలవకుండా వారం వారం గొట్టంతో లోపలికి ఊదారంగు మందు ఎక్కించాలన్నారు. మందు పడ్డాక మూత్రం బిగబట్టుకుని అటూ ఇటూ దొర్లుతూ పడుకోవాలి.

"ఆరు వారాలు చాచా! బాగానే ఉందనిపించినా మానొద్దు," అంది డాక్టరమ్మ.

మొదటి వారం మూత్రం ఊదాగా వస్తే యాసీన్ పకపకా నవ్వాడు. "చూశావటే, నన్నే తొట్టిని చేసి రంగేస్తున్నారు!"

ఆ నవ్వు ఎంతసేపు? తర్వాత మంట మొదలైంది. పెరట్లో గోడ పట్టుకుని అంత మగాడూ వెక్కివెక్కి ఏడ్చాడు.

మూడో మందు పడ్డ నాలుగు రోజులకు గాజు గ్లాసులో మూత్రం పట్టుకొచ్చాడు.

"ఛీ ఛీ! ఆ గ్లాసు మళ్ళీ నా వంటింట్లోకి రానిస్తానా?"

"తర్వాత తిట్టుకో. ముందు చూసి చెప్పు."

జైతూన్ గ్లాసును ఎండకు ఎత్తి చూసింది. ఎరుపు లేదు, ఊదా లేదు. "తేట," అంది. అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

"అంతే! బట్టకు రంగు పట్టినట్టు లోపల మందు పట్టేసింది. ఇంకా ఎందుకు ఈ చిత్రహింస?"

"డాక్టరమ్మ ఆరన్నది కదయ్యా."

"ఆ పిల్ల ఎన్ని బట్టలు ఉతికిందేమిటి? నీ కన్ను మీద నీకే నమ్మకం లేదా?"

ఆ మాటకు జైతూన్ లోలోపల మురిసిపోయింది. అయ్యో, అదే కొంప ముంచింది. ఇక జోధ్‌పూర్ బస్సెక్కమని ఆమె అడగలేదు, అతను ఎక్కలేదు.

చలికాలంలో యాసీన్ మళ్ళీ అదే గ్లాసుతో పెరట్లోంచి వచ్చాడు. బతుకంతా ఎరుపు కలిపిన మనిషికి ఆ రంగేమిటో ఒకరు చెప్పాలా? అయినా గ్లాసు ఆమె చేతికే ఇచ్చాడు.

"తేట అను జైతూన్."

ఆమె గ్లాసును ఎండకు ఎత్తకుండానే కింద పెట్టేసింది.

"ఒక్కసారి అనవే, నీకు పుణ్యముంటుంది."

"ఎట్లా అనమంటావయ్యా? పద, బస్సుకు పోదాం."

క్యాన్సర్ కండలోకి దిగిందని చెప్పింది డాక్టరమ్మ. ఇక మూత్రాశయమే తీసేయాలంది, తీసినా ప్రాణానికి భరోసా లేదంది. "మందు మధ్యలో ఎందుకు మానేశారు చాచా?"

"నేనే మొండికేశానమ్మా," అన్నాడు యాసీన్ తల వంచుకుని.

జైతూన్ అతన్ని పక్కకు తోసి ముందుకొచ్చింది. "కాదు తల్లీ. తేట అన్నది నేను."

డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. యాసీన్ మాత్రం భార్య చెయ్యి పట్టుకున్నాడు.